నరికిన చెట్టును ఆకుతో గుర్తుపట్టడం

తిరుపతి వీధుల్లో కరెంటు తీగల కింద నరికిన చెట్టు కొన్ని వారాలకే మోడు నిండా చిగురిస్తుంది. ఏపుగా ఉన్నప్పుడు దాని పేరు ఇట్టే చెప్పినవారు కూడా ఇప్పుడు తడబడతారు. పువ్వు లేదు, కాయ లేదు, కొమ్మలు పరుచుకునే తీరు అసలే లేదు. పార్కుల్లో గుండ్రంగా కత్తిరించే అలంకరణ చెట్లదీ ఇదే గతి. మిగిలేది ఆకు. అందులో మనం ముందుగా చూసేది సైజు. నమ్మకూడనిది కూడా అదే.

కారణం నేలలో ఉంది. కొమ్మలు పోయినా వేళ్లు మునుపటంత విస్తారంగానే ఉంటాయి. పెద్ద చెట్టును పోషించిన నీరు, నిల్వ ఉన్న పిండిపదార్థం ఇప్పుడు కొద్దిపాటి చిగుళ్లకే అందుతాయి. అందుకే మోడు మీద వచ్చే ఆకు తరచుగా మామూలు ఆకు కంటే బాగా పెద్దదవుతుంది.

ఆకు కొమ్మను అంటుకున్న చోటు మాత్రం అంత తేలికగా మారదు. కాడకూ కొమ్మకూ మధ్య మూలలో చిన్న మొగ్గ ఉంటుంది. అక్కడి నుంచి చివరి దాకా ఉన్నదంతా, ఎన్ని రెక్కలుగా చీలినా, ఒకే ఆకు. నర్సరీల్లో అశోక పేరుతో అమ్మే నరమామిడికి, అలల అంచున్న ప్రతి ఆకు మొదట్లోనూ మొగ్గ కనిపిస్తుంది. అసలైన అశోకంలో ఆకులనిపించే కొన్ని జతలన్నిటికీ కలిపి ఒక్కటే మొగ్గ.

శేషాచలం కొండల సొంత చెట్టు ఎర్రచందనాన్ని ఊళ్లోనూ పెంచుతారు. చిగుళ్ల దశలో దాన్ని కానుగ అనుకోవడం సులువే. కానుగ ఆకులో సాధారణంగా 5 లేదా 7 రెక్కలు, నిగనిగలాడుతూ, కొసలు మొనదేలి ఉంటాయి. ఎర్రచందనానికి ఎక్కువగా 3 రెక్కలే, అప్పుడప్పుడు 5. వాటి కొస గుండ్రంగా ఉండి, మధ్యలో చిన్న నొక్కు కనిపిస్తుంది.

గుండ్రంగా కత్తిరించే చెట్లలో ఫైకస్, అంటే మర్రి, రావి జాతివి చాలా ఎక్కువ. తుంచితే పాలు కారతాయి. కానీ పాలు ఒక్కటే చాలవు, పచ్చగన్నేరుకూ పాలుంటాయి. అది విషం, ఆ చేత్తో కళ్లు తుడుచుకోకూడదు. ఫైకస్‌లో చిగురును కప్పిన పొర రాలిపోయాక, కణుపు దగ్గర కొమ్మ చుట్టూ ఉంగరంలా గీత మిగులుతుంది. మర్రికీ, రావికీ, మేడికీ ఇదే గుర్తు. కత్తిరించే ఫైకస్‌లలో ఆకు కొస సన్నగా సాగి ఉంటే బెంజమినా అనే రకం, దళసరిగా మొద్దుబారి ఉంటే మైక్రోకార్పా అనే రకం కావచ్చు.

నాకు అన్నిటికంటే ముచ్చటైన గుర్తు తురాయిది. ఎర్రపూల తురాయి ఆకు కాడ మొదట్లో, సన్నని తునకలుగా చీలిన బుల్లి ఆకుల జత ఉంటుంది. పచ్చపూల తురాయిలో అది కనిపించదు. దాని లేత కొమ్మల మీద తుప్పు రంగు నూగు ఉంటుంది.

ఇన్ని చెప్పినా జామాయిల్ దగ్గర జాగ్రత్త పడాలి. నరికిన మోడు నుంచి వచ్చే లేత ఆకులు వెడల్పుగా, మొదట్లో ఎదురెదురుగా ఉంటాయి. ముదురు కొమ్మల మీదివి సన్నగా, కొడవలి వంపుతో, ఒకటి విడిచి ఒకటిగా వస్తాయి. రెండూ పక్కపక్కన పెడితే వేర్వేరు చెట్లవనే అనుకుంటాం. అప్పుడు ఆకును నలిపి వాసన చూడాలి, లేదా వెలుతురుకు ఎదురుగా పట్టి భూతద్దంతో నూనె గ్రంథుల చుక్కలు వెతకాలి. అవి లేత ఆకులోనూ ఉంటాయి, ముదురు ఆకులోనూ ఉంటాయి.