అపోహలు - వాస్తవాలు: అంచు వైపు నుంచి కనిపించే గెలాక్సీని ఫొటో తీయాలంటే

నేను తీసిన ఎన్‌జీసీ 4565 అనే గెలాక్సీ ఫొటో ఎవరికి చూపించినా మొదటి ప్రశ్న ఒకటే: "టెలిస్కోప్ ఎన్ని అంగుళాలు?" 80 మిల్లీమీటర్లే అంటే నమ్మరు.

అపోహ: కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది కాబట్టి చుక్కంత ఉంటుంది, పెద్ద టెలిస్కోప్ కావాలి.

వాస్తవం: ఆకాశంలో దాని పొడవు దాదాపు 16 ఆర్క్‌మినిట్లు (ఒక డిగ్రీలో 60వ వంతు ఒక ఆర్క్‌మినిట్). నిండు చందమామ వెడల్పులో సగం! కంటికి కనిపించనిది చిన్నదై కాదు, మసకగా ఉండి. నా టెలిస్కోప్ 480 మి.మీ. ఫోకల్ లెంగ్త్‌కి (ఇది ఎంత ఎక్కువైతే బొమ్మ అంత పెద్దగా పడుతుంది), 3.76 మైక్రాన్ల పిక్సెల్ కెమెరాకి అది దాదాపు 590 పిక్సెళ్ల పొడవు వస్తుంది. మధ్యలోని ధూళి పట్టీ తెలియడానికి అంత చాలు.

డబ్బంతా ట్యూబ్ (టెలిస్కోప్ గొట్టం) మీద పోసి, దాన్ని మోస్తూ నక్షత్రాల వెంట తిప్పే మౌంట్ దగ్గర పొదుపు చేయడమే అందరినీ ముంచుతోంది. భూమి తిరగడం వల్ల ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకి నేరుగా పైన ఆకాశంలో ఊహించే గీత) దగ్గర నక్షత్రం సెకనుకు 15 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌మినిట్‌లో 60వ వంతు ఒక ఆర్క్‌సెకను) జరుగుతుంది. నా సెటప్‌లో అది తొమ్మిది పిక్సెళ్లు. ఫోకల్ లెంగ్త్ పెరిగేకొద్దీ ట్రాకింగ్‌లో చిన్న తప్పు కూడా పెద్దదై కనిపిస్తుంది. తేలికపాటి మౌంట్ మీద 8 అంగుళాల న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే టెలిస్కోప్) పెట్టి నేను ఒక సీజన్ మొత్తం పోగొట్టుకున్నాను. నక్షత్రాలన్నీ కోడిగుడ్లు, పట్టీ అలుక్కుపోయేది. ఆకాశం బాగాలేదనుకున్నాను, కెమెరాని అనుమానించాను, అన్నీ అమ్మేద్దామనుకున్నాను. చివరికి అదే మౌంట్ మీద స్నేహితుడి చిన్న రిఫ్రాక్టర్ (లెన్స్ టెలిస్కోప్) పెడితే మొదటి రాత్రే పట్టీ గెలాక్సీని రెండుగా చీల్చి కనిపించింది. మీరూ ఇదే టెన్షన్‌లో ఉంటే దయచేసి ఇప్పుడే ఏదీ అమ్మకండి, ముందు ట్యూబ్ మార్చి చూడండి.

ఆ తర్వాత కావలసింది ఓపిక. ఎక్స్‌పోజర్ మొత్తం నాలుగు రెట్లయితేనే నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ రెట్టింపవుతుంది. నా 4565 వెనక ఆరు వెన్నెల లేని రాత్రులు, మూడేసి నిమిషాల 220 ఫ్రేములు (విడి ఫొటోలు) ఉన్నాయి.

నెబ్యులా ఫిల్టర్ (కొన్ని రంగుల కాంతినే లోపలికి రానిచ్చేది) వేస్తే సిటీ వెలుతురు పోతుందంటారు. గెలాక్సీ కాంతి ఎక్కువగా నక్షత్రాలది, అన్ని రంగుల్లోనూ ఉంటుంది, దాన్నీ కోసేస్తుంది. వద్దు.

రంగులు కంప్యూటర్లో పూసినవి అన్నది వట్టి పుకారు. మసక వెలుతురులో మన కన్ను రంగు పట్టలేదు, కెమెరా పడుతుంది.

ఈమధ్య ఒకమ్మాయి కంగారుగా ఫోన్ చేసింది, గెలాక్సీ మధ్యలో నల్ల గీత వస్తోందని, సెన్సర్ పోయిందేమోనని. దాన్ని చెరిపేసి కూడా చూసిందట. అది ఆ గెలాక్సీ డిస్క్‌లోని ధూళి, వెనకున్న నక్షత్రాల వెలుగుని ఆపుతోందని చెప్పాను. ఒరిజినల్ ఫ్రేములు ఇంకా ఉన్నాయట. వాటిని మళ్లీ స్టాక్ చేస్తోంది, అంటే అన్నిటినీ కలిపి ఒకే ఫొటోగా చేస్తోంది.