మత్తు ఎక్కిందా లేదా: కుక్కలకు మార్కులు వేయడం ఎలా మొదలైంది?

ఇంజెక్షన్ ఇచ్చి పావుగంటైంది. కుక్క పక్కకు ఒరిగి పడుకుంది. "బాగా ఎక్కింది" అంటారు ఒక డాక్టరు. "ఇంకా ఎక్కలేదండీ" అంటారు పక్కనున్నాయన. కుక్క ఒకటే, చూసే కళ్లే వేరు. ఈ గొడవకు నూట డెబ్బై ఏళ్లు పైబడ్డ చరిత్ర ఉంది.

1846లో బోస్టన్‌లో ఈథర్ ఇచ్చి ఆపరేషన్ చేసి చూపించారు. మరుసటి ఏడాదే లండన్ డాక్టర్ జాన్ స్నో ఈథర్ మత్తును 5 స్థాయిలుగా వర్ణించాడు. తర్వాత, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికన్ డాక్టర్ ఆర్థర్ గెడెల్ ఊపిరి, కనుగుడ్డు కదలికలు చూసి 4 దశల పట్టిక తయారుచేశాడు. మనుషుల కోసం రాసిన ఆ పట్టికనే పశువైద్యులూ అరువు తెచ్చుకున్నారు. అందులో రెండో దశే గండం. స్పృహ తప్పుతూ కుక్క కాళ్లు కొట్టుకుంటుంది, మూలుగుతుంది. పెంచుకున్నవాళ్లు ఎదురుగా ఉంటే వాళ్ల టెన్షన్ చెప్పక్కర్లేదు.

మందులు మారాక ఆ పట్టిక చాల్లేదు. 1962లో జర్మనీకి చెందిన బేయర్ కంపెనీ జైలజీన్ తయారుచేసింది. ఆ తర్వాత ఫిన్లాండ్ నుంచి మెడెటోమిడిన్ వచ్చింది. ఇవి మగతలోకి దించుతాయే తప్ప పూర్తిగా స్పృహ తీయవు. కదలకుండా పడున్న కుక్క, స్టీలు ట్రే కిందపడిన చప్పుడుకు లేచి కరవొచ్చు. అందుకే తర్వాత వచ్చిన స్కోరు పట్టికల్లో చప్పుడుకు ఎలా స్పందిస్తుందో కూడా చూస్తారు. రెప్ప తాకితే మూస్తుందా, కన్ను కిందికి తిరిగిందా, దవడ, నాలుక వదులయ్యాయా, పక్కకు పడుకోబెడితే పెనుగులాడుతుందా అని ఒక్కోదానికి మార్కులు వేసి కూడతారు. ఇద్దరు చూసినా మార్కులు దగ్గరగా వస్తాయా అని 2017లో ఇలాంటి ఒక పట్టికను ప్రత్యేకంగా పరీక్షించారు కూడా.

పూర్తి మత్తులోకి దించే ఘట్టం వేరు. ఇక్కడ కథ మార్చింది ప్రోపోఫాల్ అనే మత్తుమందు. దాన్ని కనిపెట్టిన జాన్ గ్లెన్ స్వయానా పశువైద్యుడు. బ్రిటన్‌లోని ఐసీఐ కంపెనీలో 70ల్లో మొదలైన పని 1986కి మార్కెట్‌కు చేరింది. మనుషుల ఆపరేషన్ గదుల్లో ఇవాళ వాడే మందు పశువైద్యుడి చేతి చలవే!

ముందిచ్చిన మగత మందు బాగా పనిచేస్తే ప్రోపోఫాల్ చాలా తక్కువ సరిపోతుంది. పైగా మెడెటోమిడిన్ జాతి మందులు రక్తప్రసరణను నెమ్మదిస్తాయి కాబట్టి ప్రోపోఫాల్ ఆలస్యంగా పనిచేస్తుంది. ఎక్కలేదని తొందరపడి ఇంకాస్త ఎక్కించారో, ఊపిరి ఆగొచ్చు. అంటే మొదటి మార్కులే రెండో డోసు తేలుస్తాయి. ఈ రెండో ఘట్టానికి వేసే మార్కులు మాత్రం నాకు ఇప్పటికీ పల్చగానే కనిపిస్తాయి. 'సాఫీగా జరిగింది' అని రాస్తే, ఊపిరి కోసం గొంతులో గొట్టం వేసేటప్పుడు దగ్గిందో లేదో ఎలా తెలుస్తుంది?

2002-04 మధ్య బ్రిటన్‌లో జరిగిన పెద్ద అధ్యయనంలో మత్తు కారణంగా చనిపోయిన కుక్కలు 0.17 శాతం, అంటే దాదాపు 600కు ఒకటి. ఆరోగ్యంగా ఉన్నవాటిలో 0.05 శాతమే.

మన ఊళ్లలో వీధికుక్కల కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు జైలజీన్, దానితో పాటు కేటమిన్ అనే మత్తుమందు బాగా వాడతారు. వలలో పడి బెదిరిపోయిన కుక్కకు జైలజీన్ సరిగా పట్టదు. ఇంజెక్షన్ ఇచ్చాక చప్పుడు లేని చోట, వెలుతురు తగ్గించి కాసేపు వదిలేస్తే అదే డోసు బాగా పనిచేస్తుంది.