కుక్కా పిల్లీ ఒకే ఇంట్లో: అపోహలు - వాస్తవాలు

కుక్క ఉన్న ఇంటికి పిల్లిని తెచ్చుకున్నవాళ్లు మొదట అడిగేది ‘ఎన్నాళ్లకు దోస్తీ అవుతాయి?’ అని. దోస్తీ సంగతి తర్వాత. పిల్లి హాల్లో ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తకుండా మామూలు నడకతో వెళ్లాలి, కుక్క ఒకసారి తలెత్తి చూసి మళ్లీ పడుకోవాలి. మేం గురిపెట్టేది అంతవరకే. రెండూ ఒకే దుప్పటి మీద ముడుచుకుని పడుకునే ఫొటోలు చాలా ఇళ్లలో రావు, రానక్కర్లేదు కూడా.

అపోహ: కుక్కకీ పిల్లికీ పుట్టుకతోనే జాతివైరం.

వాస్తవం: అది పగ కాదు, తరమడం. పరుగెత్తేదాని వెంట పడటం కుక్కకు సహజం. పిల్లి దొరక్కపోతే ఉడుత, కోడి, చివరికి స్కూటర్. కుక్కపిల్ల 3 నుంచి 12 వారాల వయసులో, పిల్లికూన 2 నుంచి 7 వారాల వయసులో ఏ జీవాలతో ప్రశాంతంగా మెలిగితే వాటిని ఇంటివాళ్లుగా లెక్కేసుకుంటుంది. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే తేలింది: పిల్లికి ఆరు నెలలు, కుక్కకు ఏడాది నిండకముందే కలిపితే సర్దుబాటు తేలిక. వయసు దాటితే కుదరదని కాదు, ఓపిక ఎక్కువ కావాలి.

ముధోల్, రాజపాళయం లాంటి వేట జాతుల్లో తరిమే గుణం బలంగా ఉంటుంది. వీధి నుంచి తెచ్చిన పెద్ద కుక్కయితే, పిల్లుల్ని చూసి అక్కడ ఏం చేసేదో ఆ వీధివాళ్లను అడగండి. ఇంతకుముందే పిల్లిని చంపిన కుక్కతో ఈ ప్రయోగం వద్దు. ఎంత ట్రైనింగ్ ఇచ్చినా వద్దనే మా మాట.

అపోహ: నాలుగు రోజులు కొట్టుకుని వాటంతట అవే సర్దుకుంటాయి.

వాస్తవం: ఎక్కువ ఇళ్లలో పని చెడేది ఇక్కడే. కుక్కకు అది ఆటే కావచ్చు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటాం కదా, ఇక్కడ ఎలుక పాత్ర పిల్లిది. కుక్క ఒక్కసారి నోట కరిచి విదిలిస్తే పైకి కనిపించేది రెండు చిన్న గాట్లే. లోపల పక్కటెముకలు, ఊపిరితిత్తులు నలిగిపోయి ఉండవచ్చు. ‘చిన్న గాయమే’ అని పసుపు పెట్టి ఊరుకోకుండా వెంటనే డాక్టర్‌కు చూపించాలి. పగ్‌, షిట్జూ లాంటి ఉబ్బెత్తు కళ్ల కుక్కలకు పిల్లి గోరు తగిలితే కనుగుడ్డు చీరుకుపోతుంది.

ఇంకో అలవాటు మరీ ప్రమాదం. పిల్లిని చంకనెత్తుకుని ‘ఇదిగో నీ ఫ్రెండ్’ అని కుక్క ముక్కు దగ్గర పెడతారు. పిల్లికి తప్పించుకునే దారి ఉండదు, అందుకని ఎత్తుకున్న మనిషి మెడ మీదుగా, ముఖం మీదుగా ఎగబాకుతుంది. అది కదలగానే కుక్క గెంతుతుంది. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందన్న సామెత ఊరికే పుట్టలేదు. పరిచయంలో పిల్లికి ఎప్పుడూ పారిపోయే దారి, ఎక్కడానికి ఎత్తు ఉండాలి.

మరి ఎలా కలపాలి? మేం చెప్పే వరుస ఇది. రోజుల లెక్క కన్నా, ముందుకెళ్లడానికి పెట్టిన షరతు ముఖ్యం.

మొదట పిల్లికి ఒక గది. అందులో తిండి, నీళ్లు, వాటికి దూరంగా ఎదురు మూలలో లిట్టర్ బాక్స్ (మలమూత్రాలకు ఇసుక పోసి పెట్టే పెట్టె), గోళ్లు గీరుకోవడానికి గోనె చుట్టిన కర్ర, దాక్కోవడానికి పక్కకు పడుకోబెట్టిన అట్టపెట్టె. కుక్క కంట అసలు పడకూడదు. మెత్తటి గుడ్డతో పిల్లి బుగ్గలు రుద్ది ఆ గుడ్డను కుక్క అన్నం గిన్నె కింద పరవండి. కుక్క మెడ దగ్గర రుద్దిన గుడ్డను పిల్లి గిన్నె కింద పెట్టండి. గుడ్డ ఉన్నా రెండూ మామూలుగా తింటుంటేనే తర్వాతి మెట్టు. పిల్లి భయంతో పూర్తిగా తినడం మానేస్తే ‘ఆకలేస్తే అదే తింటుంది’ అనుకోవద్దు. రెండు మూడు రోజుల పస్తు, ముఖ్యంగా బొద్దు పిల్లుల్లో, కాలేయానికి కొవ్వు పట్టించేస్తుంది. ఒక రోజు దాటితే డాక్టర్‌తో మాట్లాడండి.

తర్వాత మూసిన తలుపుకు అటొకటి ఇటొకటి గిన్నెలు. తలుపుకు ఆరడుగుల దూరంలో మొదలుపెట్టి రోజుకు అరడుగు చొప్పున జరపండి. ఏదైనా తినడం ఆపి తలుపు వైపే చూస్తుంటే నిన్నటి దూరానికి వెనక్కి వెళ్లండి. కుక్క వాకింగ్‌కు వెళ్లినప్పుడు పిల్లిని ఇల్లంతా తిరగనివ్వండి.

చూపులు కలిపే దశకు ఇనుప గ్రిల్ తలుపు బాగా పనికొస్తుంది. దోమల జాలీ తలుపు ఒక్క గెంతుకే చిరుగుతుంది, దాన్ని నమ్మొద్దు. గ్రిల్ సందుల్లో కుక్క మూతి పట్టకుండా కింది నుంచి మూడడుగుల వరకు పాత దుప్పటి కట్టి, రోజూ నాలుగు అంగుళాలు పైకి లేపుతూ రండి.

ఒకే గదిలోకి తెచ్చేది కుక్కను బాగా నడిపించి, కాస్త తిండి పెట్టాకే. మెడ బెల్టు కాకుండా ఛాతీకి వేసే బాడీ బెల్టు, ఆరడుగుల తాడు. తాడు వదులుగా ఉండాలి. బిగిస్తే కుక్క ఒళ్లూ బిగుసుకుంటుంది. దూరం పది పన్నెండు అడుగులు. పిల్లి తనంతట తాను రావాలి. చేతిలో శెనగగింజంత ఉడికించిన చికెన్ ముక్కలు ముప్పై దాకా పెట్టుకోండి, ఉప్పూ ఉల్లిపాయా లేకుండా. కుక్క పిల్లిని చూసిన క్షణంలోనే ‘గుడ్’ అని ఒక ముక్క. మళ్లీ చూస్తే మళ్లీ ముక్క. కొన్నాళ్లకు పిల్లి కనిపించగానే కుక్క మీ వైపు తిరుగుతుంది. కావాల్సింది ఆ మెడ తిప్పడమే. మూడు నుంచి ఐదు నిమిషాలు, రోజుకు రెండుసార్లు చాలు. చికెన్ మూతి దగ్గర పెట్టినా ముట్టలేదంటే దూరం సరిపోలేదని అర్థం.

అది అలవాటయ్యాక తాడు చివర మీ చేతిలోంచి వదిలేయండి. కుక్క తాడును నేల మీద ఈడ్చుకుంటూ తిరిగే ఈ దశలో నెల రోజులు ఒక్క తరుములాట కూడా లేకపోతే, అప్పుడు రెండింటినీ కాసేపు వదిలి వెళ్లడం గురించి ఆలోచించండి.

అపోహ: కుక్క తోక ఊపుతోంది, మొరగట్లేదు. అంటే ఇష్టపడుతోంది.

వాస్తవం: మొరిగే కుక్క కన్నా మౌనంగా బిగుసుకున్న కుక్కను చూసే మేం ఎక్కువ జాగ్రత్త పడతాం. నోరు మూసి, చెవులు ముందుకు పెట్టి, రెప్ప వేయకుండా, తోక నిటారుగా లేపి చివర మాత్రం చిన్నగా ఆడిస్తుంటే అది వేటకు ముందు నిశ్శబ్దం. పేరు పెట్టి పిలవండి. రెండు సెకన్లలో తల తిప్పకపోతే తాడు పట్టుకుని బయటకు తీసుకెళ్లండి. ఒళ్లంతా వదులుగా, నడుముతో సహా తోక ఊపితే అది వేరు.

తంటా ఏమిటంటే ఒకదాని భాష ఇంకొకదానికి తలకిందులు. పిల్లి తోకను టపటపా కొడితే చిరాకు, కుక్క దాన్ని ఆహ్వానం అనుకుంటుంది. కుక్క ముందుకాలు ఎత్తితే ‘ఆడుకుందాం రా’, పిల్లి ఎత్తితే ‘ఇంకో అడుగు వేశావో గోళ్లే’. కుక్క వెల్లకిలా పడితే తగ్గడం, బెదిరిన పిల్లి పడితే నాలుగు కాళ్ల గోళ్లూ సిద్ధం చేసుకోవడం. పిల్లి తోక నిలువుగా లేపి దగ్గరకొస్తే మాత్రం నిజంగా మంచి శకునం.

అపోహ: పిల్లి జోలికెళ్తే కుక్కను ఒక్కటేయాలి.

వాస్తవం: కుక్క నేర్చుకునే పాఠం ‘పిల్లి వస్తే దెబ్బలు పడతాయి’ అని. మీరున్నంతసేపు బుద్ధిగా ఉంటుంది, మీరు గడప దాటాక లెక్క తేల్చుకుంటుంది. గుర్రుమన్నందుకు తిట్టడం ఇంకా తప్పు. ఆ హెచ్చరిక మానేసిన కుక్క నేరుగా కరుస్తుంది.

అపోహ: చిన్న పిల్లికూనను తెస్తే గొడవ ఉండదు.

వాస్తవం: కూనకు భయం తక్కువ కాబట్టి సర్దుకోవడం తేలికే. కానీ అరకిలో కూన మీద ముప్పై కిలోల లాబ్రడార్ ఆటగా పంజా వేసినా నడుము విరుగుతుంది. కూనకు నాలుగైదు నెలలు వచ్చి, ఒక్క దూకులో బల్ల ఎక్కగలిగేదాకా కుక్క తాడు మీ చేతిలోనే ఉండాలి.

అపోహ: పిల్లి కక్షతో మంచం మీద మూత్రం పోస్తోంది.

వాస్తవం: లిట్టర్ బాక్స్ దగ్గర కుక్క కాపు కాస్తోందేమో చూడండి. చాలా కుక్కలకు పిల్లి మలం తినే అలవాటు ఉంటుంది, అందుకే అక్కడే తచ్చాడతాయి. వంగి కూర్చున్నప్పుడు ఒక్కసారి బెదిరిందంటే పిల్లి ఆ చోటే మానేస్తుంది. బాత్రూమ్ మూలలో, ఒకటే దారి ఉన్నచోట పెట్టొద్దు. తలుపు పిల్లి పట్టేంత సందులో ఆగేలా గొలుసు వేయండి. లావు పిల్లి, బుల్లి కుక్క ఉన్న ఇంట్లో ఈ చిట్కా పారదు, అప్పుడు బాక్స్‌ను ఎత్తైన గట్టు మీద పెట్టాలి. పిల్లులెన్నో అంతకు ఒకటి ఎక్కువ బాక్సులు. మగ పిల్లి పదేపదే కూర్చుని చుక్క కూడా పోయకపోతే మాత్రం కుక్క సంగతి పక్కన పెట్టి ఆ గంటలోనే ఆసుపత్రికి. మూత్రం అడ్డుపడితే రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది.

ఫ్లాటుల్లో నేల చోటు తక్కువ, గోడలు మాత్రం పైదాకా ఉన్నాయి. బీరువా పైన, సజ్జ మీద, ఫ్రిజ్ మీద పిల్లికి ఖాళీ ఉంచి, కింది నుంచి ఎక్కడానికి స్టూలో బల్లో మెట్టులా వేయండి. అయిదడుగుల ఎత్తులో ఉన్న పిల్లి కుక్కను చూసి పరుగెత్తదు. బాల్కనీకి వల కట్టించకుండా ఈ పని మొదలుపెట్టకండి. బెదిరిన పిల్లి ఎన్నో అంతస్తో చూసుకోదు.

అపోహ: ఇద్దరికీ అదే పెరుగన్నం, అవే పెడిగ్రీ గింజలు చాలు.

వాస్తవం: టారిన్ అనే పోషకాన్ని పిల్లి శరీరం సరిపడా తయారుచేసుకోలేదు. అది మాంసంలోనే దొరుకుతుంది. లోపిస్తే చూపు పోతుంది. గుండె కండరం కూడా దీనివల్లే బలహీనపడుతుందని 1987లో వెల్లడైంది. కుక్క గింజల్లో పిల్లికి చాలినంత ఉంటుందన్న భరోసా లేదు. అటు పిల్లి తిండి కుక్కకు పెడితే కొవ్వెక్కువై ఒళ్లొస్తుంది, క్లోమం వాచే ప్రమాదమూ ఉంది. పిల్లి గిన్నెను గట్టు మీద పెట్టండి, సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

అపోహ: కుక్కకు వేసే గోమార్ల మందు పిల్లికి కాస్త తక్కువ వేస్తే సరి.

వాస్తవం: మెడ మీద వేసే కొన్ని కుక్కల డ్రాప్స్‌లో పెర్మెత్రిన్ అనే పురుగుమందు 40 శాతానికి పైగా ఉంటుంది. పిల్లి కాలేయం దాన్ని విరగ్గొట్టలేదు. వణుకు, ఫిట్స్, ఆపై మరణం. వేయనక్కర్లేదు, మందు వేసిన కుక్కను రాసుకుని ఒళ్లు నాక్కున్నా చాలు. గోమార్లకు స్నానం చేయించే అమిట్రాజ్ కూడా పిల్లికి విషమే. పిల్లి ఉన్న ఇంట్లో ఈ రెండూ లేని మందు రాయమని డాక్టర్‌ను ముందే అడగండి. పొరపాటున పడితే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి, డబ్బా చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.

అపోహ: కుక్క రోగాలు పిల్లికి అంటవు.

వాస్తవం: రేబిస్ రెండింటికీ వస్తుంది, మనకూ వస్తుంది. మూడు నెలల వయసులో టీకా, తర్వాత డాక్టర్ చెప్పిన ప్రకారం బూస్టర్. కుక్కలకు వాంతులు, రక్తవిరేచనాలు తెచ్చే పార్వో వైరస్ 1978లో బయటపడింది. దాని తర్వాతి రకాలు పిల్లులకూ సోకగలవు. పార్వో వచ్చిన ఇంట్లో ఫినాయిల్‌ను నమ్ముకోవద్దు. పైగా అది పిల్లి కాళ్లకు అంటి నాకితే విషం. నేల కడిగాక ఒక వంతు బ్లీచ్‌కు ముప్పై వంతుల నీళ్లు కలిపి, పది నిమిషాలుంచి, మంచినీళ్లతో తుడవండి. అది ఆరేదాకా రెండూ వేరే గదిలో.

అపోహ: ఒకసారి కలిశాయంటే ఇక ఎప్పటికీ అంతే.

వాస్తవం: దీపావళి రాత్రి టపాసులకు బెదిరిన కుక్క పక్కనున్నదాని మీద పడుతుంది. ఆ రాత్రి వేర్వేరు గదులు. ఆపరేషన్ అయి ఆసుపత్రి వాసనతో వచ్చిన పిల్లిని కుక్క కొత్తదానిలా చూడొచ్చు. ఒక రాత్రి దాని పాత గదిలోనే ఉంచి, అది రోజూ పడుకునే గుడ్డతో ఒళ్లు తుడిచి, పొద్దున గ్రిల్ తలుపు అవతలి నుంచి చూపించండి. కుక్క ఆవులించి వెనుదిరిగితే గడియ తీయవచ్చు.