ప్రొటీన్ల గురించి మా ఊళ్లో నన్నడిగేవి: అపోహలు - వాస్తవాలు

మాది కళింగపట్నం దగ్గర ఊరు. ప్రొటీన్లు ఎలా మడతపడతాయి, ఎంత వేడికి విప్పుకుంటాయి, ఆ మడత నిలబడటానికి వెనకున్న శక్తి ఎంత అని కొలవడం ఇరవై ఏళ్లుగా నా పని. పండక్కి ఇంటికొస్తే "ఏటమ్మా, ఇంకా ఆ ప్రొటీన్ల మీదే ఉన్నావా?" అని పిన్ని అడుగుతుంది. ఆ తర్వాత ఇరుగుపొరుగు వాళ్ల ప్రశ్నలు మొదలవుతాయి. ఎక్కువసార్లు ఎదురైనవాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: గుడ్డు ఉడికిస్తే ప్రొటీన్ పోతుంది, పచ్చిగుడ్డుకే బలం ఎక్కువ.

ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలను వరసగా గుచ్చిన దండ. చాలా ప్రొటీన్లలో ఆ దండ మడతపడి ఒక రూపానికి వస్తేనే పని చేస్తుంది. వేడి తగిలితే మడత విప్పుకుంటుంది గానీ దండ తెగదు. తెల్లసొనలో ఒవోట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్ 60 డిగ్రీలు దాటగానే విప్పుకుంటుంది. అందులో ఎక్కువగా ఉండే ఓవల్బుమిన్‌కు 80 దాకా కావాలి. అందుకే సొన ఒక్కసారిగా గట్టిపడదు. మడత వీడిన దండను మన పొట్టలోని ఎంజైములు సులువుగా తెంచుతాయి. ఉడికిన గుడ్డులోని ప్రొటీన్ 90 శాతం దాకా అరిగితే పచ్చిగుడ్డులోది సగమే అరిగిందని మనుషుల్లో కొలిచి చూశారు. పిల్లలకు పచ్చిగుడ్డు తాగించే ఇంట్లో ఈ మాట చెప్పకుండా నేను లేవను.

అపోహ: ఒకసారి పాడైన ప్రొటీన్ మళ్లీ మామూలు కాదు.

ఉడికిన గుడ్డును చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. అక్కడ విప్పుకున్న దండలు కిక్కిరిసి ఉండి ఒకదానికొకటి చిక్కుపడిపోతాయి, అందుకే వెనక్కి రాలేవు. పలచటి ద్రావణంలో విడివిడిగా ఉంచితే సంగతి వేరు. అమెరికా శాస్త్రవేత్త క్రిస్టియన్ ఆన్ఫిన్‌సెన్ 124 అమైనో ఆమ్లాలున్న రైబోన్యూక్లియేజ్ అనే ప్రొటీన్‌ను యూరియాలో పూర్తిగా విప్పి, ఇంకో రసాయనంతో అందులోని నాలుగు గంధకపు బంధాలనూ తెంచాడు. తర్వాత ఆ రసాయనాలు తీసేసి గాలి తగలనిస్తే ప్రొటీన్ మళ్లీ పని చేసింది. ఆ బంధాలు కట్టే ఎనిమిది సిస్టీన్లు (గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు) 105 రకాలుగా జతకట్టొచ్చు. సరైన అమరిక ఒక్కటే, దండ దాన్నే పట్టుకుంది. రూపానికి కావలసిన సమాచారమంతా ఆ వరసలోనే ఉందన్నమాట. 1972లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఎమ్మెస్సీలో ఈ పాఠం విన్న రోజే నా దారి ఖాయమైంది.

అపోహ: స్థిరమైన ప్రొటీన్ అంటే రాయిలా గట్టిగా ఉండేది.

మా రంగంలోకి కొత్తగా వచ్చే విద్యార్థులు కూడా ఇలాగే అనుకుంటారు. మడతపడిన రూపానికీ విప్పుకున్న రూపానికీ మధ్య శక్తి తేడా, మామూలు చిన్న ప్రొటీన్లో మోల్‌కు (అణువుల లెక్కకు మేం వాడే కొలత) 5 నుంచి 15 కిలోకేలరీలే. నూనె స్వభావం ఉన్న ముక్కలు నీళ్లకు దూరంగా లోపలికి చేరాలని చూస్తాయి. అది మడతకు అనుకూలం. స్వేచ్ఛగా కదలాలనే దండ స్వభావం అడ్డు పడుతుంది. లక్షల్లో జమ, లక్షల్లో ఖర్చు రాసి చివరికి చేతిలో వెయ్యి మిగిలినట్టు ఉంటుంది ఆ లెక్క. మిగిలేది 5 కిలోకేలరీలైతే, గది వేడిమి దగ్గర ఏ క్షణంలో చూసినా నాలుగైదు వేల అణువుల్లో ఒకటి విప్పుకునే ఉంటుంది. ఒక్క అమైనో ఆమ్లం మారి అందులో 1.4 కిలోకేలరీలు పోయాయా, విప్పుకున్న అణువుల సంఖ్య పది రెట్లవుతుంది. కొన్ని వంశపారంపర్య జబ్బుల మూలం సరిగ్గా ఇక్కడే ఉంది. నా ఉద్యోగమంతా ఆ చివరి వెయ్యిని లెక్కపెట్టడమే.

అపోహ: యూరియా ఎరువు, దానికీ ప్రొటీన్‌కీ సంబంధమేంటి?

ఇది మా చిన్నాన్న ప్రశ్న. "మన పొలంలో ఏసే యూరియాయేనా?" అన్నాడు. అణువు అదే, మేం వాడేది బాగా శుద్ధి చేసింది. బకెట్లో యూరియా కలిపితే నీళ్లు చల్లబడతాయని ఆయనకు తెలుసు. నేను 9 మోలార్ (చిక్కదనానికి కొలత) ద్రావణం కలిపేటప్పుడు బీకరు చేతికి ఐసుగడ్డలా తగులుతుంది, బయట చెమ్మ పడుతుంది. యూరియా దండకు అంటిపెట్టుకుని, మడత విప్పుకున్న స్థితివైపు తూకాన్ని మొగ్గేలా చేస్తుంది. సున్నా నుంచి ఎనిమిది మోలార్ దాకా పాతిక ముప్ఫై ట్యూబులు పెట్టి ఒక్కోదాన్నీ చూస్తాం. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం మడత లోపల దాగి ఉంటే 330 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగిస్తుంది, నీళ్లలోకి బయటపడితే 350 దగ్గరకు జరుగుతుంది. ఆ జరుగుడును బట్టి, యూరియా లేనప్పుడు స్థిరత్వం ఎంతో లెక్క కడతాం. పీహెచ్‌డీ మొదటి ఏడాది, వారం పాటు బల్లమీదున్న ద్రావణం వాడి మూడు నెలల లెక్కలు పారేసుకున్నాను. నిలవ యూరియాలో సయనేట్ అనే రసాయనం పుట్టి ప్రొటీన్‌కు అతుక్కుంటుంది. అప్పట్నుంచి ఏ రోజు ద్రావణం ఆ రోజే.

మరి సముద్రంలో సొర చేప? దాని రక్తంలో యూరియా మన రక్తంలో కంటే ఎన్నో పదుల రెట్లు ఎక్కువ. ఉప్పునీళ్లు ఒంట్లో నీటిని లాగేయకుండా అది చేసుకున్న ఏర్పాటు. అయినా దాని ప్రొటీన్లు విప్పుకోవు. ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే ఇంకో పదార్థాన్ని, సుమారుగా రెండు పాళ్ల యూరియాకు ఒక పాలు లెక్కన, ఒంట్లో ఉంచుకుంటుంది. అది మడతను గట్టి చేస్తుంది, యూరియా దెబ్బకు విరుగుడు. అమ్మమ్మ సొరపుట్టు చేసేటప్పుడు ముక్కల్ని పసుపేసి ఉడికించి, తోలు తీసి, చేత్తో చిదిపి, నీళ్లు గట్టిగా పిండేసేది. ముక్కు మూసుకుని పక్కనే కూర్చునేదాన్ని. సొర నిలవైతే వచ్చే ఆ ఘాటు యూరియా నుంచి పుట్టిన అమ్మోనియాది. మామూలు చేప నీచు వాసనలో పెద్ద వాటా ఆ రెండో పదార్థం విరిగి వచ్చేది. ల్యాబ్‌లో ఈ జంట మీద పని చేసిన ప్రతిసారీ నాకు ఆ వంటిల్లే గుర్తొస్తుంది.

అపోహ: ఆల్ఫాఫోల్డ్ వచ్చేసింది, ఇక మీకు పనేముంది?

ఇంజినీరింగ్ చదివే పిల్లలు అడుగుతారు. ఆల్ఫాఫోల్డ్ ఒక ఏఐ ప్రోగ్రాం. దాన్ని చేసినవాళ్లకు 2024 రసాయన శాస్త్ర నోబెల్‌లో వాటా వచ్చింది, నేనూ దాన్ని రోజూ వాడతాను. వరస ఇస్తే రూపం ఎలా ఉంటుందో చెబుతుంది. ఆ రూపం ఎన్ని కిలోకేలరీల మీద నిలబడిందో, ఏ వేడికి వీడుతుందో చెప్పదు. అది ఇప్పటికీ ట్యూబులో కొలవాల్సిందే.

అపోహ: ఎంత చల్లగా ఉంచితే ప్రొటీన్ అంత భద్రం.

నూనె ముక్కల్ని లోపలికి నెట్టే బలం చల్లదనంలో తగ్గుతుంది. అందుకే కొన్ని ప్రొటీన్లు చలికీ విప్పుకుంటాయి. సోవియట్ శాస్త్రవేత్త ప్రివలోవ్ 1980లలో కండరాల్లో ఉండే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్‌లో దీన్ని కొలిచి చూపించాడు. గడ్డకట్టడం ఇంకో సంగతి. మంచు పలకలు ఏర్పడుతుంటే మిగిలిన నీళ్లలో ఉప్పులూ ప్రొటీనూ చిక్కబడి, అణువులు ఒకదానికొకటి అంటుకుంటాయి. ఇన్సులిన్ కూడా ప్రొటీనే. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచమనేది, గడ్డకడితే పారేయమనేది అందుకే. కరిగాక చూడ్డానికి బాగానే ఉన్నా వాడకూడదు.

కిందటి సంక్రాంతికి మా ఎదురింటి పెద్దమ్మ ఇన్సులిన్ సీసాను ఫ్రీజర్లోంచి తీసి చూపించింది. "సల్లగా ఉంటే మంచిదని పెట్టినానమ్మా, సుగరేమో తగ్గట్లేదు" అంది. సీసా తెల్లగా గడ్డకట్టి ఉంది. డాక్టరుకు ఫోన్ చేసి, దాన్ని పక్కనపెట్టి, ఆ సాయంత్రమే కొత్తది తెప్పించాం. ఫ్రీజర్‌కు దూరంగా ఫ్రిజ్ తలుపు అరలో పెట్టాను. సీసా ఏ అరలో ఉండాలో ఆవిడ మనవడి చేత పెద్ద అక్షరాలతో రాయించి తలుపుకి అంటించాను.