హెల్మెట్ ఇంటర్‌కమ్‌లో మాట ఎక్కడ పోతుంది?

నల్గొండ నుంచి హైదరాబాద్ పోయే బండి మీద వెనక కూర్చున్నాయన "చిట్యాలలో ఆపు, చాయ్ తాగుదాం" అంటే ముందున్నాయనకు "ఆపు" ఒక్కటే వినపడుతుంది. నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి వేగం 70 దాటిందంటే ఆ మాత్రం కూడా ఉండదు. "ఏందీ? వినపడ్తలేదు!" దగ్గరే ముచ్చట ఆగిపోతుంది.

దీనికోసం వచ్చినవే హెల్మెట్ ఇంటర్‌కమ్‌లు. హెల్మెట్ ఎడమ పక్కన బిగించే చిన్న డబ్బా, చెవుల దగ్గర రెండు పలుచని స్పీకర్లు, నోటి ముందు ఒక మైకు. రెండు మూడు వేల రూపాయల నుంచి ముప్పై వేలు దాటినవాటి దాకా బజారులో ఉన్నాయి. కొనేవాళ్లు మొదట చూసేది అట్టపెట్టె మీద వేసిన రేంజి: 800 మీటర్లు, 1.2 కిలోమీటర్లు, 1.6 కిలోమీటర్లు. అసలు చూడాల్సింది మైకు, స్పీకర్లు. చాలా సెట్లలో మాట చెడిపోయేది నోటికీ మైకుకూ మధ్య ఉన్న నాలుగు సెంటీమీటర్లలోనే.

ముందు శత్రువు సంగతి. గంటకు 60 కిలోమీటర్లు దాటాక రైడర్ చెవికి ఇంజిను చప్పుడు కన్నా గాలి రొదే ఎక్కువ. హెల్మెట్ కింది అంచు దగ్గర, వైజర్ అతుకు దగ్గర గాలి తెగి సుడులు తిరుగుతుంది. 100 దగ్గర లోపల చెవి పక్కన సుమారు 95 నుంచి 105 డెసిబెల్స్ ఉంటుంది. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే మాట 60 డెసిబెల్స్. అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌ను రోజుకు 8 గంటలు భరించవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు. చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా అదే వేగంతో పోతే ఆ కోటా నకిరేకల్ రాకముందే అయిపోతుంది.

ఇలాంటి చోట వాల్యూమ్ పెంచడం తప్పు మందు. రొద మీద ఇంకో రొద. ముందు గాలిని మూయాలి. హెల్మెట్ గడ్డం కింది ఖాళీని మూసే చిన్న బట్ట, చిన్ కర్టెన్, చాలా ఫుల్‌ఫేస్ హెల్మెట్లతోనే వస్తుంది. అది లేకపోతే మెడ చుట్టూ దస్తీ గట్టిగా చుట్టి అంచులు లోపలికి దోపినా తేడా తెలుస్తుంది. రెండోది, చెవుల్లో మెత్తని ఫోమ్ ఇయర్‌ప్లగ్గులు. చెవులు మూసుకుంటే ఇంటర్‌కమ్ ఎట్లా వినపడుతుందని చాలామంది అడుగుతారు. ప్లగ్గు గాలినీ స్పీకరునూ రెంటినీ తగ్గిస్తుంది, నిజమే. అయితే రొదతో మొద్దుబారిన చెవి మాటను విడదీయలేదు. మొత్తం మోత తగ్గితే విడదీయగలుగుతుంది. దూరప్రయాణాలు చేసేవాళ్లు ప్లగ్గులు పెట్టుకునే ఇంటర్‌కమ్ వాడేది అందుకే. హారను, అంబులెన్సు సైరను పూర్తిగా మూసుకుపోనంత మోతాదు ప్లగ్గు ఎంచుకోవాలి.

ఇప్పుడు మైకు. ఇంటర్‌కమ్ మైకుకు ముందో రంధ్రం, వెనకో రంధ్రం ఉంటాయి. రెండు వైపుల నుంచి వచ్చిన శబ్దాల తేడాను మాత్రమే అది పంపుతుంది. దూరం నుంచి వచ్చే లారీ మోత రెండు రంధ్రాలకూ దాదాపు సమానంగా చేరుతుంది కాబట్టి కొట్టివేతకు గురవుతుంది. నోరు దగ్గరగా ఉంటుంది కాబట్టి ముందు రంధ్రానికి ఎక్కువ, వెనక రంధ్రానికి తక్కువ చేరుతుంది, ఆ తేడాయే మీ మాట. రంధ్రాల మధ్య ఒక సెంటీమీటరు ఉందనుకుని లెక్క వేద్దాం. శబ్దపీడనం దూరానికి విలోమంగా తగ్గుతుంది. మైకు పెదవులకు 1 సెంటీమీటరు దూరంలో ఉంటే ముందు రంధ్రానికి 1, వెనక దానికి 1/2 చేరి, తేడా 0.5 మిగులుతుంది. అదే మైకు 4 సెంటీమీటర్లకు జరిగితే 1/4 లోంచి 1/5 పోగా మిగిలేది 0.05. మూడు సెంటీమీటర్ల జరుగుబాటుకు మాట పదో వంతుకు పడిపోయింది. లారీ మోత ఎక్కడిదక్కడే ఉంది. ఏ ఖరీదైన చిప్పూ ఈ లోటును పూర్తిగా పూడ్చలేదు.

మైకును తిప్పి పెట్టడం అంతకన్నా పెద్ద తప్పు, చాలా మామూలు తప్పు కూడా. మైకు మీద తెల్ల చుక్కో బాణం గుర్తో ఉంటుంది, ఆ వైపు పెదవులకు ఉండాలి. పైన నురగ తొడుగు ఉండటంతో ఆ గుర్తు కనపడదు. తొడుగు తీసి, చూసి, మళ్లీ తొడగాలి.

ఆ నురగ తొడుగు అలంకారం కాదు. రెండు రంధ్రాల ఉపాయం దూరపు శబ్దాలకే పనిచేస్తుంది. మైకునే తాకే గాలి సుడి ఒక్కో రంధ్రం దగ్గర ఒక్కో రకంగా కొడుతుంది, కాబట్టి తీసివేతలో పోదు. దాన్ని ఆపాలంటే గాలి వేగాన్నే తగ్గించాలి, ఆ పని నురగది. అవతలివాళ్లకు "బుస్‌స్" తప్ప ఏమీ వినపడటం లేదంటే నూటికి తొంభై పాళ్లు తొడుగు ఎక్కడో రాలిపోయిందని అర్థం. పది ఇరవై రూపాయల వస్తువు. రెండు అదనంగా పెట్టుకోండి. మాట మొదలవగానే దానంతటదే తెరుచుకునే వాక్స్ పద్ధతి ఉన్న సెట్లయితే తొడుగు లేనప్పుడు గాలినే మాట అనుకుని రోజంతా తెరుచుకుని ఉంటాయి, బ్యాటరీ కూడా కరిగిపోతుంది.

ముఖం తెరిచి ఉండే హెల్మెట్‌కు, గడ్డం లేచే ఫ్లిప్ హెల్మెట్‌కు కాడ ఉన్న బూమ్ మైకు కావాలి. ఫుల్‌ఫేస్‌కు గడ్డం కడ్డీ లోపలి వైపు అంటించే గుండీ లాంటి వైరు మైకు సరిపోతుంది. సగం హెల్మెట్‌లో ఏ మైకు పెట్టినా గాలి నేరుగా కొడుతుంది. దానికి ఇంటర్‌కమ్ కొనే డబ్బుతో ముందు మంచి హెల్మెట్ కొనడం నయం.

స్పీకర్లు సాధారణంగా 40 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల లోపు మందం. చెవి రంధ్రానికి సూటిగా ఉంటేనే బాగా మోగుతాయి. ఒక వేలెడు వెనక్కో కిందికో జరిగితే ముందు బేస్ పోతుంది, తర్వాత మాట స్పష్టత పోతుంది. సరైన చోటు పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. స్పీకర్లను వెల్క్రోతో తాత్కాలికంగా అంటించి, పాట పెట్టి, హెల్మెట్ తొడుక్కుని, రెండు చేతులతో హెల్మెట్‌ను కొద్దిగా ముందుకీ వెనక్కీ, పైకీ కిందికీ నెట్టి చూడండి. ముందుకు నెట్టినప్పుడు శబ్దం పెరిగితే స్పీకర్లు వెనక పడ్డాయన్నమాట, అంతమేర ముందుకు జరపాలి. వెనక్కి నెట్టినప్పుడు పెరిగితే ముందున్నాయి. రెండు చెవులకూ విడివిడిగా చూసుకోవాలి.

మన దగ్గర దొరికే చౌక హెల్మెట్లలో చాలావాటికి చెవి దగ్గర గుంట ఉండదు. స్పీకరు చెవి డొప్పను నొక్కి అరగంటలో నొప్పి పుట్టిస్తుంది. అప్పుడు కొందరు మెకానిక్కులు కత్తి తీసి లోపలి థర్మాకోల్‌ను చెక్కేస్తారు. ఆ పని ఎవరినీ చేయనివ్వకండి. కింద పడ్డప్పుడు నలిగి దెబ్బను మింగేది ఆ పొరే. చెక్కిన చోట మింగడానికి ఏమీ మిగలదు. పెంకుకు రంధ్రాలు వేయడం కూడా అంతే. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో ఐఎస్ 4151 ప్రమాణానికి ఐఎస్‌ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మకూడదు, ఆ గుర్తు పరీక్షించినప్పటి ఆకారానికే వర్తిస్తుంది. గుంట ఉన్న హెల్మెట్ చూసి కొనడమే దారి.

బిగించేటప్పుడు డబ్బాను పూర్తిగా చార్జి చేసి మొదలుపెట్టండి. చెంప దిండ్లు ఊడదీసి, క్లాంపును పెంకుకూ థర్మాకోల్‌కూ మధ్య సందులోకి దూర్చి అలెన్ కీతో రెండు మరలూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించాలి. సందు లేకపోతే అంటించే పలక వాడాలి. పెంకును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అంటించి, ఒక రోజు ఆగి బండెక్కాలి. వైర్లు దిండ్ల వెనక నుంచి పోవాలి, గడ్డం పట్టీ కొక్కెం వాటిని నొక్కకూడదు. నాలుగైదు నెలల తర్వాత ఒక చెవి మూగబోయిందంటే వైరు అక్కడే నలిగి ఉంటుంది.

ఇక రేంజి. ఇంటర్‌కమ్‌లు 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల పట్టీలో (బ్యాండ్‌లో) పనిచేస్తాయి. మన దేశంలో ఈ పట్టీని తక్కువ శక్తి పరికరాలకు 2005లో లైసెన్సు లేకుండా వదిలారు. ఇక్కడ తరంగదైర్ఘ్యం సుమారు 12.5 సెంటీమీటర్లు. రేడియో సంకేతం గీత గీసినట్టు పోదు. దారి మధ్యలో అటూ ఇటూ ఉబ్బిన దూలం లాంటి ఖాళీ కావాలి, దాన్ని ఫ్రెనెల్ మండలం అంటారు. రెండు బండ్ల మధ్య 100 మీటర్లుంటే ఆ ఉబ్బు వ్యాసార్ధం సుమారు 1.8 మీటర్లు, 300 ఉంటే 3 మీటర్లు, కిలోమీటరైతే 5.6 మీటర్లు. హెల్మెట్ మీద యాంటెన్నా రోడ్డుకు ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉంటుంది. అంటే వంద మీటర్ల దగ్గరే రోడ్డు ఆ మండలాన్ని కొరకడం మొదలుపెడుతుంది. మధ్యలో లారీ వస్తే, మలుపు తిరిగితే చెప్పనక్కర్లేదు. పెట్టె మీద 1.6 అని ఉంటే ఖాళీ రోడ్డు మీద సగం, బండ్ల మధ్య పావు వంతు వచ్చినా మంచిదే అనుకోవాలి.

శ్రీశైలం రోడ్డులో మన్ననూర్ దాటాక ఇది బాగా తెలుస్తుంది. దోమలపెంట దాకా అడవిలో చాలాచోట్ల ఫోను సిగ్నలు ఉండదు. ఇంటర్‌కమ్‌కు టవరు అక్కర్లేదు, బండి నుంచి బండికి నేరుగా పోతుంది కాబట్టి మాట ఆగదు. అయితే ఘాట్ మలుపులో ఒక బండి గుట్ట అవతల పడగానే వంద మీటర్లకే తెగిపోతుంది, మలుపు తిరగ్గానే మళ్లీ వస్తుంది. మనిషి తలా అడ్డమే. ఒంట్లో నీరు ఈ తరంగాలను మింగుతుంది. డబ్బా ఎడమ పక్కనుంటే కుడి వైపు ఉన్న బండితో మాట కాస్త బలహీనం.

నలుగురైదుగురు పోతే బ్లూటూత్ గొలుసు పద్ధతిలో మధ్యవాడు వెనకబడగానే గొలుసు తెగి రెండు ముక్కలవుతుంది. మెష్ పద్ధతిలో ప్రతి డబ్బా పక్కవాటి మాటను అందించుకుంటుంది, ఒకరు పోయినా దారి మార్చుకుంటుంది. ఇంటర్‌కమ్‌లు తయారుచేసే కంపెనీల్లో కార్డో 2015లో, సేనా 2018లో దీన్ని తెచ్చాయి. ఇద్దరు మనుషులు, ఒకే బండి అయితే మెష్‌కు డబ్బు పోయడం దండగ.

ఫోను కాల్ మాత్రం వేరే సంగతి. ఫోను చేత్తో పట్టుకోకుండా మాట్లాడే పాత హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతిలో గొంతును సెకనుకు 8,000 సార్లే కొలుస్తారు, అంటే అందులో సగం, 4,000 హెర్ట్జ్ లోపు ధ్వనులే అవతలికి పోతాయి. స లాంటి ధ్వనుల సత్తువ ఎక్కువగా ఉండేది అంతకు పైన, అందుకే "సూర్యాపేట" అవతలివాళ్లకు "ఊర్యాపేట" అవుతుంది. 16,000 సార్లు కొలిచే వైడ్‌బ్యాండ్ పద్ధతి మీ ఫోనులోనూ డబ్బాలోనూ రెంటిలో ఉంటేనే ఈ తేడా పోతుంది.

మే నెల నల్గొండలో డబ్బాకు అసలు గండం ఎండ. లోపలుండేది లిథియం పాలిమర్ బ్యాటరీ, దాన్ని 45 డిగ్రీలు దాటాక చార్జి చేయకూడదు. మధ్యాహ్నం బయటే 45 ఉన్న రోజు నల్లటి హెల్మెట్‌ను పెట్రోలు ట్యాంకు మీద ఎండలో పెట్టి, పవర్ బ్యాంకు తగిలిస్తే బ్యాటరీ ఆయుష్షు కరిగిపోయినట్టే. వెల్క్రో జిగురు కూడా మెత్తబడి స్పీకరు కిందికి జారుతుంది, జనం దాన్ని "సౌండ్ తగ్గింది" అనుకుంటారు. డబ్బా అతుకు విచ్చుకుంటే బ్యాటరీ ఉబ్బిందని అర్థం. గుచ్చకుండా, చార్జి పెట్టకుండా పక్కన పెట్టేయాలి. నెలల తరబడి వాడకపోతే సగం చార్జితో దాచాలి. వానకాలంలో యూఎస్‌బీ మూత సరిగా మూయాలి, నీటి నిరోధకత మూత మూసినప్పటి లెక్కే.

సైకిలు తొక్కేవాళ్లకు ఇంత తంటా లేదు. 25 కిలోమీటర్ల వేగంలో గాలి రొద తక్కువ. వాళ్ల హెల్మెట్లలో స్పీకరు చెవికి పైన ఉండి, చెవిని తెరిచే ఉంచుతుంది. వెనక నుంచి వచ్చే బస్సు వినపడటమే వాళ్లకు ప్రాణం, కాబట్టి చెవిని మూసే ఏ ఇయర్‌ఫోనూ వద్దు.

చట్టం మాట. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ చేతిలో పట్టుకునే ఫోను వాడకాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్‌లో చేర్చింది. ఇంటర్‌కమ్ చేతిలో ఉండదు. అంతమాత్రాన మెదడు ఖాళీగా ఉంటుందనుకోకూడదు. యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్, విలియం జాన్‌స్టన్ 2001లో ప్రచురించిన ప్రయోగాల్లో ఫోను చేతిలో ఉన్నా లేకున్నా మాట్లాడేవాళ్లు సిగ్నళ్లను ఎక్కువగా చూడకుండా వదిలేశారు, చూసినా ఆలస్యంగా స్పందించారు. ఇంట్లో ఉన్న మనిషితో ఫోనులో గొడవ పెట్టుకోవడం వేరు, పక్క బండి మనిషితో మాట్లాడటం వేరు. రెండో ఆయనకూ అదే రోడ్డు కనపడుతుంది, అడ్డం వస్తే తనే ఆగుతాడు.

గుంపులో పోయేవాళ్లు ముందు బండికి ఒక పని అప్పగిస్తారు, రోడ్డు చదివి వినిపించడం. మిర్యాలగూడ వైపు కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, రాత్రయితే కుప్ప చుట్టూ పేర్చిన రాళ్లు కనపడవు. "ఎడమకు వడ్లు, రాళ్లు" అని మూడు మాటలు చాలు. వెనక బండి 200 మీటర్ల దూరంలో 80 వేగంతో వస్తుంటే ఆ చోటికి చేరడానికి తొమ్మిది సెకన్లుంటాయి. మాట పూర్తి కావడానికి రెండు సెకన్లు పోయినా మిగిలిన ఏడింటిలో బ్రేకు వేసి కుడికి తప్పుకోవచ్చు.