బంతి చివరి విస్తరికీ వెలుగు

"ఏటిరా ఇది, కింద నీడలు పడ్డట్టున్నాయి?" అంది అమ్మ. విశాఖ ఎంవీపీ కాలనీలో కరెంటు పోయిన ఓ రాత్రి, మేడ మీద కూర్చుని నా ఈ-రీడర్‌లో కథలు చదువుకుంటోంది. తన చెయ్యే అడ్డొచ్చిందేమోనని పక్కకు తీసి చూసింది. చెయ్యి కాదు. పేజీ అడుగున నాలుగు చోట్ల వెలుగు విసనకర్రలా విచ్చుకుని ఉంది, వాటి నడుమ చీకటి ముక్కోణాలు. ఏళ్లుగా వాడుతున్న పాత యంత్రం అది. అవి ఎందుకొస్తాయో అమ్మ అడిగేదాకా నేను ఆలోచించలేదు.

ఈ-రీడర్‌లో ఉండే ఈ-ఇంక్ తెరకు సొంత వెలుగు లేదు. కంటికి ఆనని గుళికల్లో తెల్లటి టైటానియం డైఆక్సైడ్ రేణువులు, నల్లటి రేణువులు తేలుతుంటాయి. వాటి విద్యుదావేశాలు వేరు కాబట్టి, వోల్టేజీ మార్చితే కొన్ని పైకి, కొన్ని కిందికి పోతాయి. పొద్దున్నే ఆర్కే బీచ్‌లో ఇసుక మీద కూర్చుని చదివితే కాగితమంత హాయిగా ఉంటుంది. సూర్యుడు పేజీ అంతటికీ ఒకేలా వెలుగిస్తాడు, ఆ పనిలో ఆయన్ని మించినవారు లేరు. చిక్కంతా చీకటి పడ్డాకే.

ఫోన్లలోని ఎల్‌సీడీ తెరకు దీపం వెనక ఉంటుంది. దాని ముందు పాలపొర లాంటి షీటు పరిస్తే వెలుగు చెదిరి సమంగా పరుచుకుంటుంది. ఈ-ఇంక్ వెనక దీపం పెట్టి లాభం లేదు, కాంతి దాన్ని దాటి రాదు. కాబట్టి ముందు నుంచే వెయ్యాలి. ముందున్నది మన కన్ను. అక్కడ పాలపొర పెడితే అక్షరాలే అలుక్కుపోతాయి. వెలుగునిచ్చే పలక అక్షరానికీ కంటికీ మధ్యనే ఉండాలి, ఉన్నట్టు మాత్రం కనిపించకూడదు. పేజీ అంతటా సమంగా వెలుగు పరచడం ఇంత కష్టం కావడానికి మూలం ఇదే. 2012లో నూక్, కిండిల్ పేపర్‌వైట్ అనే ఈ-రీడర్లు ఇలాంటి ముందు దీపంతో వచ్చాయి.

ఆ పలక అక్రిలిక్ లాంటి పారదర్శకమైన ప్లాస్టిక్. దాని అంచున ఎల్ఈడీలు పెడతారు. పదో తరగతిలో చదివిన సంపూర్ణాంతర పరావర్తనం ఇక్కడ పనికొస్తుంది. అక్రిలిక్ వక్రీభవన గుణకం సుమారు 1.49, సందిగ్ధ కోణం దాదాపు 42 డిగ్రీలు. అంతకంటే ఏటవాలుగా పలక ముఖాన్ని తాకిన కిరణం బయటికి పోలేక, లోపలే అటూ ఇటూ తగులుతూ ముందుకు సాగుతుంది. దాన్ని కావలసిన చోట పేజీ మీదికి దించడానికి పలకలో అతి సూక్ష్మమైన గుంటలు చెక్కుతారు. గుంట తగిలిన కిరణం దారి తప్పి తెర వైపు దిగుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. గుంటలు అంతటా ఒకేలా చెక్కితే ఏమవుతుంది? పెళ్లి బంతిలో పులిహోర వడ్డించేవాణ్ణి తలచుకోండి. గిన్నెలో వంద గరిటెలున్నాయి, బంతిలో పదిమంది. ఒక్కొక్కరికీ గిన్నెలో ఉన్నదాంట్లో పదోవంతు వేస్తూ పోతే మొదటివాడికి పది, రెండోవాడికి తొమ్మిది, చివరివాడికి నాలుగైనా పడవు. పైగా ముప్పై అయిదు గరిటెలు గిన్నెలోనే మిగిలిపోతాయి! వడ్డన తెలిసినవాడు మొదటి విస్తట్లో పదోవంతు, తర్వాత మిగిలినదాంట్లో తొమ్మిదోవంతు, ఆపైన ఎనిమిదోవంతు వేస్తూ, ఆఖరివాడి దగ్గర గిన్నె బోర్లిస్తాడు. పలక చెక్కేవాళ్లు చేసేదీ అదే. దీపం దగ్గర గుంటలు పలచగా, దూరమయ్యేకొద్దీ దట్టంగా. దీపాల శక్తి ఎంత పెంచినా ఈ వడ్డన తప్పితే పేజీ సమంగా వెలగదు.

గుంటలు కంటికి కనబడకూడదు కూడా. ముప్పై సెంటీమీటర్ల దూరం నుంచి మన కన్ను విడదీసి చూడగలిగే కనిష్ఠం మిల్లీమీటరులో పదోవంతు కంటే కాస్త తక్కువ. గుంటలు అంతకంటే చిన్నవి కావాలి. వాటిని ముగ్గు చుక్కల్లా వరసగా పెట్టినా చిక్కే. రెండు దోమతెరలు ఒకదానిమీదొకటి వేలాడదీస్తే అలలు అలలుగా చారలు కనిపిస్తాయి చూడండి, తెర మీది చుక్కల వరసకూ గుంటల వరసకూ మధ్య అలాంటివే పుడతాయి. అందుకని ఆవాలు చల్లినట్టు క్రమం లేకుండా పెడతారు.

అమ్మ చూసిన నీడలు మాత్రం గుంటల వల్ల వచ్చినవి కావు. గాలిలోంచి అక్రిలిక్ అంచులోకి దూరిన కాంతి ఇరువైపులా 42 డిగ్రీలకు మించి విచ్చుకోలేదు. పక్కపక్క దీపాల విసనకర్రలు కలుసుకునేదాకా మధ్యలో వెలుగు లేని ముక్కోణం తప్పదు. తొమ్మిది సెంటీమీటర్ల అంచున నాలుగు దీపాలు పెడితే ఆ ముక్కోణం సెంటీమీటరు దాటుతుంది. పదహారు పెడితే మూడు మిల్లీమీటర్లే, చట్రం కింద దాగిపోతుంది. మొదటి పేపర్‌వైట్‌లో నాలుగు ఎల్ఈడీలుంటే 2021 నాటి దాంట్లో పదిహేడు ఉన్నాయి. పసుపు కాంతికీ తెల్ల కాంతికీ వేర్వేరు దీపాలను ఒకటి విడిచి ఒకటి పెట్టినప్పుడు ఒకే రంగు దీపాల మధ్య ఎడం మళ్లీ రెట్టింపవుతుంది. నీడ పోయినా అంచున రంగు మరకలు రావడానికి ఇదో కారణం.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది కన్ను. నా రీడర్‌లో పేజీ పైభాగం అడుగు కంటే మసకే. అమ్మ అది గమనించనే లేదు. వెలుగు నెమ్మదిగా తగ్గితే కన్ను సర్దుకుపోతుంది, హఠాత్తుగా మారే గీతను మాత్రం పట్టేస్తుంది. పైగా ఆ గీత దగ్గర తేడాను ఉన్నదానికంటే పెంచి చూపిస్తుంది. ఎర్న్‌స్ట్ మాక్ అనే ఆస్ట్రియా భౌతిక శాస్త్రవేత్త దీన్ని 1865లోనే వివరించాడు. అందుకే పలక తయారీలో ముందు గీతల్ని చెరపాలి, ఆ తర్వాతే మొత్తం హెచ్చుతగ్గుల సంగతి.

ఇదంతా చెబుతుంటే అమ్మ విని, సెట్టింగుల్లో పేజీని తలకిందులు చేయించుకుంది, రీడర్‌ని తిప్పి పట్టుకుంది. దీపాలు పైకెళ్లాయి. నీడలు పేజీ పై ఖాళీ అంచులో పడ్డాయి. అక్షరాల మీద ఒక్కటీ లేదు. ఇప్పటికీ అలాగే చదువుకుంటోంది.