బొగ్గు తీస్తే నేల ఎక్కడ పగులుతుంది?

గోదావరిఖని, మందమర్రి, కొత్తగూడెం వైపు భూగర్భ గనుల మీద ఉన్న భూముల్లో పగుళ్ల మాట వస్తే చాలామంది అనుకునేది ఒకటే, కింద ఎక్కడ ఖాళీ అయిందో సరిగ్గా దాని మీదే నేల చీలుతుందని. నిజానికి పెద్ద పగుళ్లు ఎక్కువగా వచ్చేది ఆ ఖాళీ నడిమధ్యన కాదు, అంచుల మీద. ఒక్కోసారి అంచు దాటి బయట కూడా.

సింగరేణి బాయిల్లో చాలాకాలంగా నడుస్తున్న పద్ధతిలో ముందు బొగ్గు పొరలో అడ్డంగా, నిలువుగా దారులు తవ్వి మధ్యలో పిల్లర్లు వదిలేస్తారు. అప్పటికి పైన నేలకు ఏమీ కాదు, బరువంతా పిల్లర్లే మోస్తుంటాయి. అసలు కథ డీపిల్లరింగ్‌తో మొదలవుతుంది. వెనక్కి జరుగుతూ ఒక్కో పిల్లరూ తీసేసి, ఖాళీ అయిన చోట పైకప్పును కూలనిస్తారు, దాన్నే గోఫ్ అంటారు. విరిగిన రాయి వదులుగా పడి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి 3 మీటర్ల బొగ్గు తీసినంత మాత్రాన నేల 3 మీటర్లు దిగదు. మన గనుల్లో గట్టి ఇసుకరాయి పొరలు ఉంటాయి, పానెల్, అంటే ఒక విడతగా పిల్లర్లు తీసే గని భాగం, బాగా వెడల్పుగా ఉన్నా దిగేది తీసిన మందంలో సుమారు 60 శాతం దాకా, అంటే 1.8 మీటర్లు. అదే గోఫ్‌లో నీటితో ఇసుక నింపితే 5 శాతం అటూ ఇటూ, 15 సెంటీమీటర్లు.

ఇప్పుడు అంచు దగ్గరికి రండి. నులక మంచం మధ్యలో మనిషి కూర్చుంటే నులక పట్టెల దగ్గర ఎలా బిగుసుకుంటుందో నేల కూడా అంతే, మధ్యలో దిగుతూ నొక్కుకుపోతుంది, అంచుల దగ్గర సాగుతుంది. మట్టికీ రాయికీ నొక్కుడు తట్టుకునే బలం ఉంది గానీ సాగుడు తట్టుకునే బలం దాదాపు లేదు. మీటరుకు 10 మిల్లీమీటర్లు సాగిందనుకోండి, వినడానికి చాలా చిన్నది, కానీ 20 మీటర్ల దూరంలో అది మొత్తం 20 సెంటీమీటర్లు. ఆ సాగుడంతా సమానంగా పంచుకోకుండా బలహీనంగా ఉన్న ఒకటి రెండు చోట్ల చేరితే, కాలు దిగబడేంత పగులు అవుతుంది. ఎండాకాలం నల్లరేగడిలో వచ్చే నెర్రెలు గజిబిజిగా ఉంటాయి, వానకు మూసుకుపోతాయి. ఇవి అలా కాదు, పానెల్ అంచు వెంబడి దాదాపు తిన్నగా సాగిపోతాయి, చాలాసార్లు ఒక పక్క నేల రెండో పక్క కంటే మెట్టులా కిందికి ఉంటుంది. పని ముందుకు జరిగేకొద్దీ మధ్యలో వచ్చే పగుళ్లు కొన్ని మళ్లీ మూసుకుంటాయి, అంచువి అలాగే ఉండిపోతాయి.

అంచు దాటి ఎంత దూరం అంటే అది లోతును బట్టి, రాళ్లను బట్టి మారుతుంది. గని 150 మీటర్ల లోతున ఉండి, ప్రభావం నిలువు గీత నుంచి 20 డిగ్రీల వాలుతో బయటికి పాకుతుందనుకుంటే, పైన దాదాపు 55 మీటర్ల అవతలి దాకా కదలిక ఉంటుంది. కాబట్టి "మా ఇంటి కింద తవ్వలేదు కదా" అన్నది భరోసా కాదు.

పగులును ఊరికే గుంత అనుకుని వదిలేయడమే నాకు అన్నిటికంటే భయం. వాన నీళ్లు దాంట్లోంచి గనిలోకి దిగుతాయి, చెరువు పక్కనైతే ఇంకా ప్రమాదం. పైగా పొర తక్కువ లోతులో ఉంటే పగులు గోఫ్ దాకా కలిసి, గాలి లోపలికి పోతుంది, అక్కడ మిగిలిన బొగ్గు ఆక్సిజన్‌తో కలిసి తనంతట తానే వేడెక్కి అంటుకోవచ్చు. జార్ఖండ్‌లోని ఝరియా బొగ్గు గనుల్లో 1916 నుంచీ నేల కింద మంటలున్నాయి, వాటికి గాలి అందించే దారుల్లో ఈ పగుళ్లూ ఉన్నాయి. అందుకే పగులు కనిపించగానే బంకమట్టితో దట్టంగా కూరి, ఎగువన కట్ట పోసి వాననీరు మళ్లించాలి. మళ్లీ నేల కదిలితే మళ్లీ పూడ్చాలి, ఒకసారి పోసి చేతులు దులుపుకుంటే చాలదు.

అంచు ఎక్కడుందో గని మ్యాపులో మొదటి రోజు నుంచే ఉంటుంది. డీపిల్లరింగ్ మొదలుకాక ముందే ఆ గీతను, దానికి బయట ఇంకో 50, 60 మీటర్లనూ పొలాల మీద రాళ్లు పాతి చూపించాలని నేను గట్టిగా అనుకుంటాను. పశువులు తోలుకెళ్లేవాళ్లకు, బోరు వేయించుకునేవాళ్లకు, గోడ కట్టేవాళ్లకు కావాల్సింది అదే. ఇప్పటికే పగులు వచ్చి ఉంటే రెండు పక్కలా చెరో మేకు దిగ్గొట్టి, వారానికోసారి టేపుతో దూరం కొలిచి తేదీతో రాసుకోండి. దూరం పెరుగుతుంటే కింద ఇంకా సర్దుకోలేదని అర్థం, అలాంటప్పుడు ఆ చుట్టుపక్కల ట్రాక్టర్ తోలకండి.